చంకలో దాచుకున్న చెయ్యి

రోవీన్ నోరు విప్పితే చాలు, వెర్నా కుడిచెయ్యి ఎడమ చంకలోకి పోతుంది. చీజ్ ప్యాకింగ్ చేసే చలిగదిలో మా అందరికీ ఆ అలవాటుంది. వెర్నా మాత్రం వెచ్చటి భోజనాల గదిలో కూడా అలాగే కూర్చుంటుంది.

ఇద్దరూ ఒకే శీతాకాలంలో విస్కాన్సిన్‌లోని ఈ ఫ్యాక్టరీలో చేరారు. రిటైర్మెంటు నిధి కోసం ఇద్దరి జీతంలోనూ కోత ఒకేలా మొదలైంది. ఆ సొమ్ము ఎక్కడ పెట్టాలో ఎవరికి వారే ఎంచుకోవాలి. వెర్నా తక్కువ వచ్చినా భద్రమని బాండ్లు ఎంచుకుంది. రోవీన్ మొత్తం మా కంపెనీ షేర్లలోనే పెట్టింది. షేర్లు పెరిగాయి. రోవీన్ అరవై దాటగానే కొంత తీసి సరస్సు ఒడ్డున ఇల్లు కొంది, పని మాత్రం మానలేదు. వెర్నా అరిగిన మోకాళ్లతో ఇంకా నిలబడే పనిచేస్తోంది.

కొత్తగా చేరినవాళ్లు రోవీన్ ఎందులో పెట్టిందో కనుక్కుని అందులోనే పెట్టేవాళ్లు. నేనూ అంతే.

నిధిని చూసుకునే కమిటీలో పనివాళ్ల తరఫు మనిషి వెర్నా. ఆ వసంతంలో పెట్టుబడుల సలహాదారు వచ్చి కమిటీని హెచ్చరించాడు. జీతమూ ఈ కంపెనీదే, దాచుకున్నదీ ఈ కంపెనీలోనే. అది కూలితే రెండూ పోతాయి. ఇకమీదట కొత్త సొమ్ము ఆ షేర్లలోకి వెళ్లకుండా ఆపమన్నాడు. కమిటీ ఓటు వేయాలి.

ప్రతి వారంలాగే శుక్రవారం చేపల వేపుడు కోసం ఊళ్లోని బార్లో చేరాం.

"ఏమే వెర్నా, నా షేర్లకు తాళం వేస్తున్నారటగా?" అంది రోవీన్, అందరూ వినేలా.

"ఓటింగు ఇంకా కాలేదు."

"నీ చెయ్యే ముందు లేస్తుందిలే. నా ఇల్లు చూసినప్పటినుంచీ నీకు నిద్ర లేదు."

"నిద్రకేం, బాగానే పడుతోంది. కలలోకి నీ కిటికీలే వస్తున్నాయి."

అందరం నవ్వాం. వెర్నా నవ్వలేదు. చర్చికి దగ్గరి దారి ఉన్నా ఆమె సరస్సు చుట్టూ తిరిగి వెళ్తుంది. ఆ ఇంటి ముందు కారు ఆపదు, వేగం తగ్గిస్తుంది.

సోమవారం కమిటీలో ఓట్లు సరిసమానంగా చీలాయి. మిగిలింది వెర్నా. ఆమె చెయ్యి చంకలోంచి రాలేదు. షేర్లు ఆపాలన్న తీర్మానం వీగిపోయింది.

రోవీన్ వచ్చి కౌగిలించుకుంది. "నిన్ను అనవసరంగా అనుమానించానే."

ఆ సాయంత్రం వెర్నాను నా కారులో ఇంటికి దింపుతూ అడిగాను. "సలహాదారు చెప్పింది తప్పా?"

"తప్పు కాదు."

"మరి?"



"ఎత్తితే కుళ్లుతో ఎత్తానంటారని ఎత్తలేదు. ఎత్తినా, ఎత్తకపోయినా నా కళ్ల ముందు రోవీనే ఉంది. ఆ డబ్బు పోతే నష్టపోయే మీరెవరూ లేరు."

మర్నాడు ఉదయం కమిటీ అధ్యక్షుడు ఆఫీసు తలుపు తీసేసరికి వెర్నా అక్కడ నిలబడి ఉంది. మళ్లీ ఓటు పెట్టించింది. చెయ్యెత్తింది. అక్కణ్ణుంచి నేరుగా భోజనాల గదికి వచ్చి రోవీన్ ఎదురుగా కూర్చుంది.

"షేర్లు ఆపించాను. నీ ఇల్లంటే నాకు ఇంకా కుళ్లే. అది వేరు" అంది.