ఉడుత గెలిచిన శుక్రవారం మీద నా అనుమానం

నిన్న పొద్దుగాల ఫోన్ వచ్చింది. ఖాజా లేడన్నరు.

నేను నమ్మలె. "ఊకోండ్రి, వానికి గిసొంటి మజాకులు అలవాటే" అని ఫోన్ పెట్టేసిన.

మళ్ల చేసిన్రు. ఈసారి వాని భార్య ఫర్జానా భాబీ ఏడుపు ఇనొచ్చింది.

అప్పుడు చెప్పులేసుకున్న.

మా ఖాజా అంటే సిద్దిపేటల ఫర్నిచర్ పనోడు. నా చిన్నప్పటి దోస్తు. నేనేమో మగ్గం మీద చీరలు నేసేటోన్ని. మా ఇద్దరికి పడవలేంది అని ఊరంత నవ్వింది. నవ్వనీ.

హైదరాబాద్ల ఓ బోట్ క్లబ్బోళ్లు పాత సామాను అమ్ముతున్నరంటే, సోఫాలకు మంచి టేకు దొరుకుతదని పోయిండు. రెండు తెరచాప పడవలు ఏసుకొని వచ్చిండు. మా వయసు కన్నా పాతయి. కట్టెయి.

"అరే నర్సిములూ, వీటిని కోస్తే పాపం తగుల్తదిరా" అన్నడు.

ఒకటి ఎడల్పు, బరువు. నలుగురు కూసొని టిఫిన్ బాక్స్ ఇప్పి తినొచ్చు. చుక్కాని వదిలేసినా సీదా పోతది. దానికి బర్రె అని పేరు పెట్టినం.

ఇంకోటి సన్నది, తేలికది. గాలి ఇట్ల తగిలితే అట్ల ఉరుకుతది. కానీ తుమ్మితే ఒరుగుతది. మనిషి సగం బయటికి ఒరిగి, చేతుల్ల దమ్ముండి, తాడు బిగ్గ గుంజి పట్టాలె. గది ఉడుత.

ఫ్యామిలీతోని షికారుకు బర్రె. రేసుకు ఉడుత. ఎవ్వరన్నా గిదే చెప్తరు.

ఖాజా ఒప్పుకోడు. "నడిపెటోడు మంచిగుంటే బర్రె గూడ గెలుస్తది" అంటడు. మరి నువ్వు నడుపరాదూ అంటే మాట మారుస్తడు!

ఏది ఎవరికని చిట్టీలు ఏసినం. నేను తీస్తే బర్రె వచ్చింది. రెండో చిట్టీ చూద్దామనే లోపల, ఖాజా దాన్ని పాన్‌ల చుట్టి నోట్లె ఏసుకున్నడు.

రెండిట్లనూ బర్రె అనే రాసిండు. గది నాకు ఇయ్యాల్టికీ డౌటే.

డౌట్లు వానికి గూడ ఉండె. కట్టె పని రెండిటికీ వాడే చేసిండు. తెరచాపలు రెండిటికీ నేనే కుట్టిన. అంటే మోసం చెయ్యాలంటే ఇద్దరికీ ఛాన్సే.

అందుకే ప్రతి శుక్రవారం, వాని నమాజ్ అయినంక, రిజర్వాయర్ కట్ట కింద ముందుగాల తనిఖీ. నేను ఉడుతను వేళ్లతోని కొట్టి కొట్టి చూస్తుంటి. వాడు నా కుట్లు గుంజి గుంజి చూస్తుండె. ఓసారి నా సద్ది డబ్బా గూడ ఇప్పిచ్చిండు. "బరువేమన్న దాచినవా?" అని అడిగి, అండ్ల పచ్చిపులుసు చూసి, అదంత వాడే తాగిండు.

తర్వాత రేస్.

ఓడినోడు రెండు తెరచాప గుంజలు కట్ట మీదికి మొయ్యాలె, ఆటోల పెట్టాలె. గాడ ఇడిసిపెడితే ఎవడన్న ఎత్కపోతడని ఇద్దరికీ అనుమానమే.

ఎప్పుడూ నేనే మోసిన. నా భుజం మీద కాయ కాసింది.

"పడవలు మార్చుకుందాం, గెలిచేది నువ్వా, ఉడుతనా తేలిపోతది" అని ఎంత మొత్తుకున్నా, "అగ్లే జుమ్మా, అగ్లే జుమ్మా" అని వచ్చే శుక్రవారానికి జరుపుతుండె.

మొన్న శుక్రవారం వాడే అన్నడు. "నర్సిములూ, ఇయ్యాల నువ్వు ఉడుత తీస్కో."

ఆగమాగమైన. ఏదో ఉన్నది ఇండ్ల అనుకున్న. ఉడుతను కింద మీద చూసిన. అడుగుకు చెయ్యి పెట్టి తడిమిన. ఏం దొరకలె. వాడు పోయి బర్రెల కూసున్నడు. నా కుట్లు గూడ చూడలె.

నేను గెలిచిన.

గెలిచిన గానీ, నడుమల తిరిగి చూస్తే వాని తెరచాప టపటప కొట్టుకుంటున్నది. తాడు చేతుల లేదు.

ఒడ్డుకు రాంగనే అడిగిన. "తాడు వదిలినవ్ కదరా?"

"ఖుదా కసమ్, గాలి లేదురా" అన్నడు.

గాలి లేదట! నా తువ్వాల ఎగిరి నీళ్లల్ల పడ్డది.

పైగా, ఓడినోడు గుంజలు ముట్టకుండ, కట్టెక్కి ఆటోల కూసున్నడు. గెలిచినోన్ని నేను రెండూ మోసిన. తొవ్వ పొడుగూ తిట్టిన. జాలికి గెలిపించినవా, నీ జాలి ఎవనికి గావాలెరా అన్న. వాడు నవ్విండు, అంతే.

నిన్న మట్టి అయినంక ఇంటికి పోతే భాబీ చెప్పింది. చానా దినాల సంది ఎడమ చెయ్యి గుంజుతున్నదని నూనె రాసుకుంటున్నడట. దవాఖానకు పోదామంటే "అగ్లే జుమ్మా" అన్నడట. తీరా అది గుండె నొప్పట.

నాకు అప్పుడు సమజైంది.

ఉడుతకు చేతుల దమ్ము గావాలె. బర్రెల ఊకె కూసున్నా నడుస్తది. మార్చుకుందామన్నది గందుకు. తాడు వదల్లేదు వాడు. పట్టలేకపోయిండు.

ఖాజా, ఇన్నేండ్లు నువ్వు మోసం చేస్తున్నవనే అనుకున్న. మొన్న గూడ మోసం చేసి నన్ను గెలిపించినవనుకున్న.

గదే నిజమైతే ఎంత బాగుండురా. ఆ చిట్టీల లెక్క గిది గూడ నీ దొంగతనమే అయితే, ఇయ్యాల నువ్వు వర్క్‌షాప్‌ల కూసొని నవ్వుతుండెటోనివి.

ఆ శుక్రవారం గెలుపు నాకొద్దు. రేస్ క్యాన్సిల్.

నువ్వే గెలిచినవ్. గుంజలు నేనే మోస్త.

పోయిరా ఖాజా. అల్లా నిన్ను సల్లంగ చూడాలె. గాడ ఏ బరువూ నీ చేతికి ఇయ్యద్దు.