చిక్కడపల్లి గోడమీద మేకపిల్ల

ఈమధ్య నారాయణగూడలో కుర్రాళ్లు మెట్రో స్తంభానికి బొమ్మలు వేస్తుంటే, ఎనామిల్ రంగు వాసన ముక్కుకు తగిలి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను మాత్రం తొమ్మిదేళ్లదాన్నై, తాత వేలు పట్టుకుని చిక్కడపల్లి గోడ ముందు నిలబడి ఉన్నాను.

తొంభైల్లో మా అశోక్‌నగర్‌లో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేస్తుండేవి. ఆ ఏడు దసరా సెలవులన్నీ పక్క స్థలంలో పోసిన ఇసుక కుప్పే మా రాజ్యం; పిచ్చుక గూళ్లు కట్టి, దాగుడుమూతలాడి, ఒళ్లంతా ఇసుకతో, గౌను జేబుల్లో బతుకమ్మనాటి తియ్యటి మలీద ముద్దలతో, కూలీలు సద్ది విప్పే వేళకు ఎల్లమ్మ చుట్టూ చేరేవాళ్లం. పాలమూరు నుంచి పనికొచ్చిన ఎల్లమ్మ, జొన్నరొట్టె ఎర్రకారంలో అద్దుకుంటూ, తల్లిని వెతుక్కుంటూ పట్నానికి నడిచొచ్చే మేకపిల్ల కథ చెప్పేది. ఒకరోజు అది వాగు దాటేది, ఒకరోజు కుక్కల్ని తప్పించుకునేది, ఇంకోరోజు ఆగి ఉన్న లారీ కింద నిద్రపోయేది. తన కూతురు లచ్చిమి ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉందని కూడా ఒకసారి చెప్పింది, మేం పట్టించుకుంటేగా! మాకు మేకపిల్లే ముఖ్యం. తల్లి దొరికిందా అని అడిగితే, "రేపు చెప్త తియ్" అని కొంగు దులుపుకుని లేచేది. స్లాబు పడింది, కూలీలు ఇంకెక్కడికో పనికి వెళ్లిపోయారు, ఆ రేపు మాత్రం రాలేదు.

నవంబరులో మా చిక్కడపల్లి గ్రంథాలయంవాళ్లు పిల్లల కథల పండుగ చేశారు. పిల్లలు చెప్పిన కథల్లో ఒకదాన్ని బయటి పొడవాటి గోడమీద ఏడు గళ్లలో బొమ్మలుగా వేయిస్తామన్నారు. ఎల్లమ్మ చెప్పిందని చెప్పి నేను మేకపిల్ల కథ వినిపించాను, అదే నెగ్గింది. దానికి ముగింపు లేదన్న సంగతి మాత్రం గుట్టుగా దాచుకున్నాను.

బొమ్మలు వేసింది సినిమా బ్యానర్ల సలీం భాయ్. చేతికి అలవాటైన పని ఎక్కడికి పోతుంది? మేకపిల్లకు హీరోలా గులాబీ బుగ్గలు, నీలి నీడలు, కళ్లలో మెరుపు పెట్టాడు. కుక్కలకు విలన్ల కనుబొమలు దించాడు. ఇసుకలో కూర్చుని విన్న మాటలు నాకంటే ఎత్తున, రంగురంగుల్లో, అందరూ నడిచే రోడ్డు పక్కన నిలబడ్డాయి. లోకంలో అంతకన్నా పెద్ద అద్భుతం ఉంటుందని ఇప్పటికీ నేను ఒప్పుకోను.

ఆరు గళ్లు నిండాక సలీం భాయ్ కుంచె తుడుచుకుంటూ, "క్లైమాక్స్ ఏంది బేటీ?" అన్నాడు. నేను బావురుమన్నాను.

"అరె, పరేషాన్ గాకు" అని, ఏడో గడిలో సినిమా గోడలకు రాసినట్టే ఎర్రటి పెద్ద అక్షరాలతో 'అతి త్వరలో' అని రాసేశాడు.

అంతే, పేట పేటంతా ఆ గోడకు అతుక్కుపోయింది. ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లు, ముషీరాబాద్ నుంచి కూరగాయల బండి తోసుకొచ్చే ఆమె, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే అన్నలు, అందరూ ఆగి ఆ మేకపిల్లకు తల్లి దొరుకుతుందా లేదా అని వాదించుకునేవారు. ఒక పిల్లల కథ కోసం అంతమంది పెద్దవాళ్లు ఎదురుచూడటం చూస్తే ఒళ్లు పులకరించేది, మరుక్షణం భయమేసేది. తాతా నేనూ గాంధీనగర్ నుంచి లోయర్ ట్యాంక్ బండ్ దాకా కడుతున్న ఇళ్లన్నీ తిరిగాం. ఎల్లమ్మ జాడ లేదు.

నాలుగోరోజు పొద్దున తాతా నేనూ సలీం భాయ్ పక్కన నిలబడి ఉంటే, గోడ ముందు నుంచి వెళ్తున్న కూలీల లారీలోంచి కేక వినబడింది.

"ఆపుండ్రి! గది నా మేకపిల్ల!"

ఎల్లమ్మ దూకినంత పని చేసి దిగింది. చదువు రాదు గానీ, ఒక్కో గడినీ వేలితో తడుముతూ కథంతా పొల్లుపోకుండా చెప్పింది. చుట్టూ చేరినవాళ్లు చాయ్ కప్పులు చేతుల్లోనే పెట్టుకుని విన్నారు. ఏడో గడి దగ్గర ఆగి, "ఈడ ఏం రాసిన్రు బిడ్డా?" అంది. చదివి చెప్పాను. ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది.

"తల్లి యాడ దొరికింది అక్కా? చెప్పు, వేస్త" అన్నాడు సలీం భాయ్.

"గింత పిల్ల ఎంత దూరమని నడుస్తదన్నా? తల్లే ఎదురు పోవాలె. తల్లిని ఊరి బాటల ఎయ్యి."

సాయంత్రానికి ఏడో గడిలో తల్లిమేక పట్నానికి వీపు తిప్పి, ఊరి దారిన పరుగెడుతోంది. ఆ బొమ్మ చూడటానికి ఎల్లమ్మ లేదు. అప్పటికే పాలమూరు బస్సెక్కేసింది. వారం తర్వాత నేను బడి నుంచి వస్తుంటే, సన్నటి పిల్లనొకదాన్ని చంకనేసుకుని గోడ దగ్గర కనబడింది. లచ్చిమికి కథ చెబుతోంది, ఏడో గడి నుంచి మొదలుపెట్టి.

ఇప్పుడు ఆ గోడ లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. ఫ్లెక్సీలు వచ్చి సలీం భాయ్ కుంచెలూ మూలపడ్డాయి. ఏడో గడి ఉన్నచోట బస్‌స్టాప్ వచ్చింది. మూటలతో దిగే తల్లుల్ని చూసినప్పుడల్లా, వెంట పిల్ల ఉందా అని నా కళ్లు వెతుకుతాయి.