గిటారు మధుకిరణ్‌కి వండిన పులస

తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసి, పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టి, గోదారి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాక పెద్దింట్లమ్మ టేపురికార్డరు నొక్కేది. ఆ వేళకి ఏ ఇంట్లోనైనా దేవుడి పాట రావాలి. ఆవిడ ఇంట్లో మాత్రం గిటారు మధుకిరణ్ వచ్చేవాడు. డ్రమ్ములు దబదబలాడేవి, గిటారు కీచుమనేది, ఆపైన ఆ కుర్రాడు గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచేవాడు. చూరు కింది కోళ్లకి కూడా ఆ అరుపు అలవాటైపోయింది.

ఆ క్యాసెట్టు దోహా నుంచి సెలవుకి వచ్చిన తమ్ముడు అప్పన్న తెచ్చింది. తనకోసం తెచ్చుకుని, వెళ్లేటప్పుడు మర్చిపోయాడు. జొన్నాడలో ఆ పాటలు వినేవాళ్లంతా మీసాలు రాని కుర్రాళ్లు. పెద్దింట్లమ్మకి అప్పటికే నలభై అయిదు దాటాయి. "మీ వయసుకి ఈ కేకలేంటొదినా, చెవులు చిల్లులు పడతన్నాయి" అని పక్కింటి బుజ్జమ్మ ఎన్నోసార్లు సణిగింది. సణుగుతూనే, కరెంటు పోయిన రోజున పాట ఆగకూడదని తన రేడియోలోని బ్యాటరీలు తీసి ఇచ్చింది. ఆ ఇద్దరి మధ్యా అలాగే నడిచేది.

ఒకసారి మాత్రం పెద్దింట్లమ్మ ఆవిడకి జవాబు చెప్పింది.

"నా జన్మలో నేను అరవలేనివన్నీ ఆ అబ్బాయి అరుస్తున్నాడు బుజ్జీ. అందుకని వింటాను."

అది నిజమే. ఆవిడ మొగుడు సత్తియ్య పడవ నడిపేవాడు. పెళ్లయిన అయిదో ఏడు మరో ఆడమనిషితో కాట్రేనికోన వైపు వెళ్లిపోయాడు. ఆ రోజు పెద్దింట్లమ్మ వీధిలోకొచ్చి ఒక్క కేక వెయ్యలేదు. పొయ్యి మీదున్న కూర దించి, పలకరించడానికి వచ్చినవాళ్లకి వడ్డించింది. ఆ తర్వాత హైవే పక్కన తాటాకు పాక వేసుకుని చేపల కూర వండుతూ బతికింది. వరదనీళ్లు ఎర్రగా దిగిన రోజుల్లో పులస వండించుకోవడానికి కార్లలో వచ్చేవారు. మట్టి దాకలో, సన్నని సెగమీద, చింతపండు పులుసులో బెండకాయలూ వెన్నా వేసి వండి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచి మర్నాడు వడ్డించేది. పులసకి ముళ్లెక్కువ. మెట్ట ప్రాంతం నుంచి కొత్తల్లుడొస్తే అత్తగారు పక్కన కూచుని ముళ్లు ఏరి పెట్టడం ఆ వైపు ఆనవాయితీ. పెద్దింట్లమ్మ దారినపోయే లారీడ్రైవరుకి కూడా, అతను కొత్తవాడని తెలిస్తే, చేప విప్పి ముళ్లు తీసి ఇచ్చేది. అలా చెయ్యమని ఆవిడకెవరూ చెప్పలేదు.

రెండువేల రెండులో వినాయక నవరాత్రులకి అమలాపురంలో మధుకిరణ్ పాటకచేరీ పెట్టించాడు కొత్తపేట సూరిబాబు. ఆర్కెస్ట్రాల కాంట్రాక్టరు ఆయన. ఊరికొచ్చిన అతిథికి పులస పెట్టకుండా పంపితే కోనసీమ పరువు పోతుందన్నది ఆయన పట్టుదల. ముందురోజు పాకకొచ్చి చేప ఇచ్చి, భోజనం వినాయకుడి పందిట్లో కాదు, లాడ్జిలోనే గనక చేప పెట్టినా అపచారమేం లేదని తనే చెప్పాడు. తినబోయేది ఎవరో చెప్పగానే పెద్దింట్లమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. కూలి వద్దంది. ఒక్కటే అడిగింది, తన చేత్తో తనే వడ్డిస్తానని. ఆ అబ్బాయిని దగ్గరగా ఒకసారి చూడాలి, తన చేతివంట తిని బావుందని అతని నోటితో వినాలి. అంతకుమించి ఆవిడకేమీ అక్కర్లేదు.

మర్నాడు దాక ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. కూర కుదుపులకి చెదిరిపోతుందని కండక్టరు తన సీటు ఖాళీ చేసి ఇచ్చాడు. కొత్తపేట దాటేదాకా తను నిలబడే టిక్కెట్లు కొట్టాడు. ఆవిడ ఎవరికోసం వెళ్తోందో విని బస్సులో వాళ్లంతా నవ్వారు, మంచి నవ్వే. "మా తరఫున కూడా ఓ ముక్క వడ్డించండి పిన్నిగారూ" అన్నారెవరో.

లాడ్జి గదిలో మధుకిరణ్ క్యాసెట్టు మీది బొమ్మకన్నా సన్నగా ఉన్నాడు. జుట్టు వెనక్కి కట్టుకుని, చెవికి పోగు పెట్టుకుని, సెల్‌ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. పెద్దింట్లమ్మ అరిటాకు తుడిచి అన్నం పెట్టింది, పులుసు పోసింది, ముక్క వేసింది. అతను ఆకుమీదకి వచ్చిన చేతిని చూశాడు, తలెత్తలేదు. ఆవిడ చెయ్యి ఒకసారి ముందుకెళ్లి ఆగింది. ముళ్లు తీసి పెట్టాలనుకుంది. కానీ ఎలా? నైవేద్యం పెట్టాక దేవుడి ఆకులో ఎవరైనా చెయ్యి పెడతారా? అంతటివాడికి, ముళ్లుంటాయి బాబూ అని చెప్పడం కూడా మర్యాద తక్కువనిపించింది. దేశాలు తిరిగినవాడికి చేప తినడం తెలియదా అనుకుంది. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

అతను కోడికూర తిన్నట్టు తిన్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పెద్ద ముద్ద కలిపి మింగాడు. రెండో ముద్దకి ఫోను కింద పడింది.

ఉత్త అన్నం ముద్దలు మింగించారు, అరటిపండు తినిపించారు. ముల్లు దిగలేదు. దగ్గితే రక్తపు చారలు పడ్డాయి. కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. పెద్దింట్లమ్మ దాక అక్కడే వదిలేసి వెనకాల నడుచుకుంటూ వెళ్లింది. ముల్లయితే తీసేరు గానీ గొంతు గీరుకుపోయిందనీ, ఆ రాత్రి పాట మాట ఎత్తొద్దనీ డాక్టరుగారు చెప్పారట. అక్కడి ఆయా ఈవిడ వాలకం చూసి, మనిషి ఎవరని కూడా అడక్కుండా స్టూలు తెచ్చి వేసింది.

సాయంత్రానికి మధుకిరణ్ వరండాలోకొచ్చి బల్లమీద కూచున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. సూరిబాబూ మనుషులూ పందిరి దగ్గర జనాన్ని ఆపలేక అవస్థ పడుతున్నారు. పెద్దింట్లమ్మ లేచి నిలబడింది. ఎన్ని తిట్లయినా పడదామని, కాళ్లకి దణ్ణం పెట్టుకుందామని దగ్గరకెళ్లింది. అతను ఆవిణ్ణి చూసి, గొంతు చూపించి, వేణ్ణీళ్లు కావాలని సైగ చేశాడు. ఆసుపత్రి మనిషనుకున్నాడు.

ఆవిడ వెళ్లి ఆయానడిగి, గోరువెచ్చని నీళ్లు గ్లాసులో తెచ్చి ఇచ్చింది. అతను నెమ్మదిగా తాగాడు. తాగి, గాలి తప్ప స్వరం లేని గొంతుతో అన్నాడు:

"థాంక్స్ అమ్మా. ఎవరో పల్లెటూరావిడ ముళ్లకంప వండి పెట్టింది. తిని నా గొంతు పోగొట్టుకున్నాను. ఆవిడ ఇక్కడికొస్తే మాత్రం లోపలికి రానివ్వకండి."

"ఆయ్," అని తలూపింది పెద్దింట్లమ్మ.

గ్లాసు తీసుకుని, కడిగి, ఆయా చేతికిచ్చి, బయటికి నడిచింది. మధ్యాహ్నం తన చేత్తో వడ్డించిన మనిషి సాయంత్రానికి తన మొహం గుర్తుపట్టలేదు. అతను అసలు చూస్తేగా గుర్తుపట్టడానికి. తిట్టించుకునే భాగ్యం కూడా తనకి లేకపోయిందని బస్టాండుదాకా అనుకుంటూనే వెళ్లింది.

పందిరి ముందు కుర్చీలు గాల్లోకి లేస్తున్నాయి. తన మీదకి రాకుండా సూరిబాబు మైకందుకున్నాడు. తప్పు కమిటీది కాదని, జొన్నాడ పెద్దింట్లమ్మ చేసిన నిర్వాకమని, పేరూ ఊరూ కలిపి చెప్పాడు. జనం మొదట ఊళలేశారు, తర్వాత నవ్వారు. ఆ నవ్వు బస్టాండుదాకా వినబడింది. పొద్దున్న బస్సులో నవ్విన నవ్వు కాదది.

ఆవిడకి ముళ్ల పెద్దింట్లమ్మ అనే పేరు అప్పుడే వచ్చింది. పడవలవాళ్లు అన్నారు, చేపలు తెచ్చిచ్చే కుర్రాళ్లూ అన్నారు. "మా గొంతులు జాగ్రత్తండోయ్" అంటూ ఆకు ముందు కూచునేవారు. ఆవిడ నవ్వేది కాదు, కోప్పడేది కాదు. ఎవరొచ్చినా, వద్దన్నా వినకుండా, చివరి ముల్లుదాకా ఏరి పెట్టేది. టేపురికార్డరు బుజ్జమ్మకిచ్చేసింది. మధుకిరణ్ తర్వాత తెచ్చిన పాటల్లో ఆ పైస్థాయి అరుపు లేదని కుర్రాళ్లు చెప్పుకున్నారు. అది ఫ్యాషను మారడం వల్లో, వయసు వల్లో ఎవరికి తెలుసు. ముల్లు వల్లేనని పెద్దింట్లమ్మ నమ్మింది. బుజ్జమ్మ ఎంత చెప్పినా ఆ నమ్మకం వదల్లేదు. తన బదులు అరిచే ఒక్క గొంతునీ తన చేత్తోనే నొక్కేశానంది.

మూడేళ్ల తర్వాత హైవే వెడల్పు చేసినప్పుడు పాక పోయింది. అప్పుడు సూరిబాబే వచ్చాడు. ఆర్కెస్ట్రాలు మానేసి రోడ్డు పక్కన హోటలు కడుతున్నాడు, పులస వండే మనిషి కావాలి. జరిగిందాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఈవిడకీ వేరే దారి లేదు. వెనక పెరట్లో పొయ్యి వేయించుకుని పనిలో చేరింది.

హోటలు తెరిచే ముందు బోర్డు రాయడానికి పెయింటరు సీమోనొచ్చాడు. రావులపాలెం వైపు నుంచి వచ్చేవాళ్లకొక పక్క, పెరటి మీదుగా జొన్నాడ వైపు కనబడేలా రెండో పక్క. రెండు పక్కలా గిటారు పట్టుకుని నవ్వుతున్న మధుకిరణ్ బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలతో 'గాయకుడు మధుకిరణ్ మెచ్చిన పులస' అని. సూరిబాబు చెప్పినట్టే సుద్దతో గీతలు గీసి, అక్షరాలు ముందు నింపాడు సీమోను. చదవడం రాదు గనక అదేమిటని పెద్దింట్లమ్మ అడిగింది. అతను చదివి వినిపించాడు.

"మెచ్చేడా?" అంది.

"అలా రాయమన్నారు పిన్నిగారూ. సూరిబాబుగారి ఇష్టం కదండీ."

పెద్దింట్లమ్మ సుద్దగీతల్లోని ఆ నవ్వు మొహాన్నీ, దానికి ఎదురుగా ఉన్న తన పొయ్యినీ చూసింది. తర్వాత లోపలికెళ్లి, అతనికి అన్నం పెట్టుకొచ్చింది. ఎదురుగా కూచుని చేపముక్క విప్పి ముళ్లు తీసి ఆకులో వేసింది. అతను రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"సీమోనూ, ఈ పొయ్యి వైపు పక్కన ఆ అబ్బాయి మొహం వెయ్యకు బాబూ. సూరిబాబుగారడిగితే రంగు చాల్లేదని చెప్పు. ఉత్త చేప బొమ్మ వేసి ఊరుకో."