ఒక్క బటన్‌తోని అన్నీ వాపస్!

నిన్న అమీర్‌పేటల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, జర నవ్వకుండ వినుండ్రి!

మా పంజాగుట్ట ఆఫీసుల చేసే సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ల ఉన్న ఫైళ్లకు రోజూ కాపీ తీసి దాస్తది. ఏదన్న ఫైలు పోతే తిరిగి తెచ్చుకునే స్క్రీన్ డిజైన్ చేసింది నేనే. చూడాలె మీరు, ఎంత నీట్‌గున్నదో! తారీఖులు లేవు, ప్రశ్నలు లేవు. మధ్యల పెద్ద పచ్చ బటన్ ఒక్కటే: 'అన్నీ వాపస్ తే'.

అమీర్‌పేటల సరితక్కకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపున్నది. మా సాఫ్ట్‌వేర్‌ను ట్రయల్‌కు వాడుతున్నది. నిన్న ఫోన్ చేసింది. "తమ్మీ, పోయిన వారం చేసిన నెమలి డిజైన్ డిలీట్ అయిపోయింది. కస్టమర్ మళ్ల గదే కావాలంటున్నది."

"ఫికర్ చెయ్యకక్కా, నేనే వస్త!" అని ఉరికిన.

అక్క కుర్చీల నేను కూసొని, "చూడక్కా, ఎంత ఈజీనో" అని స్టయిల్‌గ నొక్కిన. నెమలి వచ్చింది! అక్క మొహం వెలిగిపోయింది. అంతల దగ్గరకొచ్చి చూసింది.

"తమ్మీ, పెండ్లిపిల్ల జాకెట్ డిజైనేది? పొద్దున్నే పూర్తి చేసిన. వాళ్లు చూసెతందుకు వస్తున్నరు, బేగంపేట దాటిన్రట!"

నెమలి ఒక్కటే రాలే, ఫోల్డర్ మొత్తం అది డిలీట్ కాకముందు, పోయిన వారం ఎట్లుండెనో గట్లనే అయ్యింది. పాతది వచ్చింది, కొత్తయన్నీ పోయినయి!

బయటికొచ్చి మా ఇంజనీర్ లావణ్య గారికి ఫోన్ కొట్టిన. ఆమెది గుంటూరు.

"కంగారు పడకండి. వాపస్ తెచ్చేముందు మన సాఫ్ట్‌వేర్ అప్పటికి ఉన్న ఫైళ్లకు కూడా కాపీ తీస్తుంది. స్క్రీన్ కింద 'రద్దు చెయ్' అని ఉంటుంది, నొక్కండి."

లోపలికి పోయి చూసిన. "లేదండీ."

"ఉండాలే..." అన్నది. అంతలనే గుర్తుకొచ్చింది. "అయ్యో! స్క్రీన్ ఇరుకుగా ఉందని మీరే తీయించేశారు కదండీ!"

పాపం, ఆమె ఒక్క మాట అనలే. ఆఫీసులనే కూసొని, సరితక్క కంప్యూటర్‌కు కనెక్ట్ అయ్యి, కొత్త డిజైన్లన్నీ తెచ్చిపెట్టింది. నెమలి గూడ పోకుండ వాటి పక్కనే పెట్టింది. పెండ్లోళ్లు మెట్లెక్కుతుంటే జాకెట్ డిజైన్ తెర మీద ప్రత్యక్షం!

వాళ్లకు మస్తు నచ్చింది. వాళ్లు పోయినంక అక్క నన్ను తిట్టలే. చాయ్ తెప్పించింది, సమోసా పెట్టింది. నేను లేస్తుంటే మెల్లగ దగ్గరకొచ్చింది.

"తమ్మీ, ఏమనుకోకు. మీ ఆఫీసుల కంప్యూటర్ మంచిగ తెలిసినోళ్లు ఎవరన్న ఉంటే, ఈసారి జర వాళ్లను పంపియ్!"