మరియమ్మ దిండు, నా కత్తెర

“నా మెత్త మీది లేసు కోసిందెవరు?”

“నీ లేసు నాకెందుకు మరియమ్మా? నా మెత్త మీదిది నేను కోసుకున్న.”

“గిది నాది లచ్చక్కా. నీది గా మూలకుంది సూడు.”

“గట్లెట్లయితది? గీ గలీబు నా పాత చీరెది.”

“నా మెత్తకు గలీబు కుట్టిచ్చింది గూడ నువ్వే. గదే చీరెతోని.”

అక్కడ నా నోరు మూతపడింది. నా నోరు మూతపడటం కోరుట్లలో గ్రహణం లాంటిది. ఇక ఎంత ఉపద్రవం జరిగిందో మీరే అనుకోండి.

నిరుటి మాట. మా వాడకట్టు టీచరమ్మ ఫోనులో చూసి కండెల లేసు నేర్చుకుంది. శనివారం మధ్యాహ్నాలు మా నలుగురు ఆడవాళ్లకూ తన వరండాలో నేర్పేది. మేం మెత్త అనే గట్టి దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన ఇరవై నాలుగు కండెలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తే లేసు దిగుతుంది. నలుగురి దిండ్లకూ కొత్త బట్ట కొనడం దండగని నా పాత చీర ఒక్కటే చింపి గలీబులు కుట్టాను. పొదుపు చేశానని మురిశాను కూడా.

నా చదువు మూడో తరగతే. కానీ పుట్టిల్లు సిరిసిల్ల. పాలపళ్లు ఊడకముందే మగ్గాలకు కండెలు చుట్టినదాన్ని. “కండె పట్టుడు నాకు నేర్పుతవా?” అన్నాను మొదటి రోజు. రెండో రోజు చూస్తే కండెలన్నీ అంగట్లో తప్పిపోయిన మేకపిల్లల్లా ఉన్నాయి. ఏది ఎవరి వెంట పోవాలో వాటికీ తెలియదు, నాకూ తెలియదు.

“కుడిది ఎడమ మీదికెల్లి దాటియ్యి లచ్చక్కా.”

“ఎవరి ఎడమ? ఎదురుంగ కూసున్నవు, నీదా నాదా?”

మరియమ్మవి బీడీలు చుట్టిన వేళ్లు, చకచకా నడిచేవి. ఆరు నెలల మనుమరాలి బాప్తిస్మం గౌనుకు అంచు అల్లుతోంది. నేను లేసు కోసిన ఆ శనివారానికి బాప్తిస్మం తెల్లారే. ఇంకొక్క జానెడు అల్లితే చాలు.

ఆమె చాయ్ తాగడానికి లోపలికి పోయింది. నేను దిండు మీద గుడ్డ తీసి చూద్దును కదా, మల్లెమొగ్గల్లాంటి లేసు. ఇంత బాగా ఎప్పుడు అల్లానబ్బా అనుకున్నాను. కాసేపు తికమక పడ్డాను. ఆ వెంటనే, చేయి తిరిగిందిలే అని నమ్మేశాను. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. నేను లేసు బాగుండగానే కోసుకున్నాను. మళ్లీ చేయి పెడితే చెడుతుందేమోనని. సూదులు పీకి డబ్బాలో వేశాను. మిగిలిన దారం వృథా కాకుండా కండెలకు సిరిసిల్ల పద్ధతిలో బిగించి చుట్టాను.

“మల్ల కండెలెక్కియ్యాల్నంటే రెండు దినాలు పడ్తది” అంది టీచరమ్మ.

మరియమ్మ ఏడవలేదు. ఆ లేసును ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. నాకు అదే ఎక్కువ తగిలింది. పోయి నా అసలు దిండు తెచ్చాను. మూడు నెలల నా కష్టం, సరిగ్గా జానెడు.

“గిది లేసా అక్కా, కోడి గెలికిన గడ్డా?” అంది మరియమ్మ.

“నీకు తక్కువైన జానెడుకు గిది ఎన్కకు కుట్టు. ఎన్క ఎవరు సూస్తరు?”

తెల్లారి చర్చిలో నీళ్లను చూసి పిల్ల బెదిరింది. తల్లి భుజం కరుచుకుని, అందరికీ వీపు పెట్టి, అయ్యగారి ప్రార్థన అయ్యేదాకా తిరగలేదు. నా జానెడు లేసును చర్చి అంతా తీరిగ్గా చూసింది.

“ఎన్క డిజైన్ కొత్తగుంది, ఎవరల్లిండ్రు?” అని అడిగింది పక్కన ముసలామె.

మరియమ్మ నా దిక్కు వేలు చూపించింది.

అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో నా చేతిపని బాగుందని నాకెప్పుడైనా అనిపిస్తే, కత్తెర ముట్టే ముందు అది ఎవరిదో అడుగుతాను.