పది తవ్వలకు పదకొండు

కంప్యూటర్ పరీక్షలో ట్రైనర్‌ని బెదిరించి పాసయ్యానని మా స్టాఫ్ రూములో చెప్పుకుంటారు. ఊళ్లో మరోదా పేటలో ఉండే మా ఆడపడుచు ఇంకో మెట్టు ఎక్కి, ఆ పిల్ల నా కేకలకు ఏడ్చేసి మార్కులు వేసిందని చర్చి వాకిట్లో నిలబడి మరీ ప్రచారం చేస్తుంది. అబద్ధం. ఆ పిల్ల ఏడవలేదు. కేకలు వేసిన మాట నిజమే. కానీ అప్పటికే జవాబు వచ్చేసింది.

మా బడిలో ఆరో తరగతి నుంచి కోడింగ్ పెట్టాలని యాజమాన్యానికి బుద్ధి పుట్టింది. లెక్కల టీచర్లందరికీ బడి అయ్యాక రెండు వారాల శిక్షణ, చివరి రోజు ప్రాక్టికల్. పాసైనవాళ్ల తరగతులు వాళ్లకే. తప్పినవాళ్లు ఎల్‌కేజీకి. నేను పద్దెనిమిదేళ్లుగా ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఎల్‌కేజీ అంటే నాకు చిన్నచూపు లేదు, కానీ నాకు వాదించడానికి మనిషి కావాలి. ఎనిమిదో తరగతిలో ఒకడు లేచి “క్యోం మేడమ్, ఎందుకలా?” అంటాడు. నేనొకటంటాను, వాడు రెండంటాడు, పీరియడ్ హాయిగా గడిచిపోతుంది. నాలుగేళ్ల పిల్లతో వాదన పెట్టుకుంటే చివరికి ముక్కు తుడవాల్సింది నేనే.

పైగా ట్రైనర్‌గా వచ్చింది ఎవరు? నా దగ్గరే చదువుకున్న పిల్ల. మాలాగే శ్రీకాకుళం వాళ్లే, కానీ ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరగడంతో తెలుగు కూడా హిందీ రాగంలో మాట్లాడుతుంది.

మూడో రోజు ఆ పిల్ల బోర్డు మీద t = t + 1 అని రాసింది. నేను లేచాను.

“ఏ సంఖ్యా తనకంటే తను ఒకటి ఎక్కువ ఉండదు. నువ్వు ఎనిమిదిలో ఇలాగే రాస్తే నేను సున్నా వేశాను, గుర్తుందా?”

“గుర్తుంది మేడమ్. గోడవైపు తిప్పి నిలబెట్టారు కూడా.”

అందరూ నవ్వారు. అది మాత్రం నవ్వలేదు.

“ఇది సమీకరణం కాదు మేడమ్, హుకుం. t అనేది ఒక డబ్బా. కుడివైపు లెక్క ముందు చెయ్, వచ్చింది ఎడమవైపు డబ్బాలో పెట్టు, అంతే. పెహలే జో థా, ఉస్‌మే ఏక్ ఔర్. ముందున్నదానికి ఇంకొకటి.” అని చెప్పి, అది చెరిపేసి t += 1 అని రాసింది. “ఇదీ అదే మాట, పొట్టిగా.”

“పొట్టి చేస్తే అబద్ధం నిజమైపోతుందా?”

ఈ వాదన అరగంట నడిచింది. పక్కవాళ్ల టీలు చల్లారిపోయాయి. దానికి ఇప్పటికీ నన్నే తిడతారు.

లూపు అంటే చెప్పిన పనిని చెప్పినన్ని సార్లు చేయడం. ఇంట్లో తెలిసిన లెక్క ఏదైనా తీసుకుని లూపు రాసుకు రమ్మంది ఆ పిల్ల. క్యాంప్ వన్ పేటలో మా అత్తగారు చర్చి ప్రేమ విందుకు ఏటా పది తవ్వల బియ్యం కొలిచి పంపుతుంది. నేను ఆ లెక్కే రాశాను. నడిపిస్తే పదకొండు వచ్చింది.

“నీ మెషీన్‌కి లెక్కలు రావు,” అన్నాను.

ఆ పిల్ల ఒక్కో లైనూ వేలు పెట్టి చదివింది. “మొదట్లోనే t = 1 ఎందుకు మేడమ్?”

“అది లాభం.”

“లాభమా? కైసా లాభం?”

మనవాళ్లు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు అని చెప్పాను. అంత గౌరవం ఉన్నదాన్ని మిగతావాటితో కలపడమేమిటని లూపుకి బయట, ముందుగా కూర్చోబెట్టాను. ఆ తర్వాత లూపులో పదిసార్లు t += 1.

“ఆప్‌కా లాభం దో బార్ గిన్ లియా, మేడమ్. బయట ఒకసారి, లోపల ఒకసారి.”

“వెళ్లి మీ అమ్మనడుగు,” అని లేచి వచ్చేశాను. వాదనలో నాకు జవాబు దొరకనప్పుడు ఎదుటివాళ్ల అమ్మని తీసుకురావడం నా అలవాటు.

ఆ శనివారమే అత్తగారు బియ్యం కొలవడానికి కూర్చుంది. మొదటి తవ్వ ఎత్తి “లాభం” అనబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

“ఆగత్తా. లాభం అనకముందు సంచిలో ఏటుంది?”

“ఏటుంతాది? ఖాళీ. నీ బుర్రలాగ.”

“లాభం పోసేక?”

“ఒక తవ్వ.”

“మరి ఒకటని అనవేం?”

“ఒకటంతే ఒకటితోనే ఆగిపోద్దని బయ్యం. నోరు లాబం అంతాది గానీ తవ్వ ఒకటే కదే! బియ్యెస్సీ సదివేనని ఊరంతా సెప్పుకుంతావు, ఈపాటి తెలీదేటి?”

నేను ఇంకో రెండుసార్లు ఆపి అడిగేసరికి లెక్క తప్పిపోయింది. ఆవిడ నన్ను నానా మాటలూ అని, సంచి దులిపి, మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టింది. అప్పటికి నా తలకెక్కింది. ముందు సంచి ఖాళీ, అంటే t = 0. లాభం కూడా లూపులోనే, మిగతా తొమ్మిదింటితో పాటు, వరసలోనే. పోసిన ప్రతి తవ్వా అప్పటిదాకా ఉన్నదాంట్లో కలుస్తుంది, += చెప్పేది ఇంతే. సోమవారం పదికి పది వచ్చింది. ఆ పిల్ల “వాహ్” అంది. ఒప్పుకోవడం ఇష్టం లేక కిటికీలోంచి చూశాను.

చివరి రోజు. ప్రశ్నల చీటీల డబ్బా బల్లలమధ్య తిరిగింది. అందరూ తమ చీటీ తామే తీసుకున్నారు. నా వంతు వచ్చేసరికి నేను కళ్లజోడు తుడుచుకుంటున్నాను. ఆ పిల్ల తనే ఒకటి తీసి నా కీబోర్డు మీద పెట్టింది.

“ఒకటి నుంచి ఐదు వరకు సంఖ్యలను వరసగా గుణించండి. *= వాడండి.”

+= కలిపి డబ్బాలో పెడితే, *= గుణించి పెడుతుంది, అంతే తేడా. కొత్తగా నేర్చుకున్నవాళ్ల దర్జాతో t = 0 అని రాశాను. నడిపించాను. సున్నా. ఐదు తీసి పది పెట్టాను. సున్నా. కరెంటు తప్పేమోనని చూశాను, కరెంటు బాగానే ఉంది. వరండాలో ఎల్‌కేజీ వాళ్ల బుల్లి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో నేను ఎలా ఇముడుతానా అని ఆలోచించాను. పది నిమిషాలే ఉన్నాయి.

ఖాళీ సంచిలో బియ్యం పోస్తే నిండుతుంది. కానీ ఖాళీ సంచిని ఐదు రెట్లు చేస్తే ఏమొస్తుంది? ఖాళీయే. యాభై రెట్లు చేసినా ఖాళీయే. అంటే నేను నేర్చుకోవాల్సింది సున్నాతో మొదలుపెట్టమని కాదు, మొదటి విడతకు ముందు ఏముంటే పని జరుగుతుందో చూసుకోమని. సున్నా చెరిపేసి ఒకటి పెట్టాను. నూట ఇరవై.

“అచ్ఛా మేడమ్! మళ్లీ లాభంతోనే మొదలెట్టారా?” అంది వెనకనుంచి.

“నోరు మూసుకుని మార్కులు వెయ్యి!” అని అరిచాను. గది అదిరింది. ఊరంతా తిరుగుతున్న కథ ఈ ఒక్క అరుపులోంచి పుట్టిందే.

ఎనిమిదో తరగతి నాకే ఉంది. అది తేలిపోయింది. నాకు తేలనిది వేరే. డబ్బాలో పన్నెండు చీటీలు, *= ఉన్నది ఒక్కటే, తర్వాత అందర్నీ అడిగి తెలుసుకున్నాను. t = 1 అనే నా పాత మొండి తప్పుతో వెళ్లి ఉంటే ఆ చీటీకి మొదటి నిమిషంలోనే జవాబు వచ్చేది. ఆ పిల్ల దిద్దిన బుద్ధితో, సున్నాతో వెళ్లాను కాబట్టి మునగబోయాను. ఈ రెండూ తెలిసిన మనిషి ఆ గదిలో ఆ పిల్ల ఒక్కతే. మొన్న పవర్ హౌస్ దగ్గర కనిపిస్తే ఆ చీటీ సంగతి నిలదీశాను. “ఆటో ఆ గయా మేడమ్,” అని నవ్వుకుంటూ ఎక్కేసింది. చీటీ చూసే తీసిందా, చూడకుండా తీసిందా? చూసే తీస్తే, నన్ను ముంచుదామనా, తేల్చుదామనా?