గడియ లేని బాత్రూం

ఇల్లు కట్టుకుంటున్నామంటే ఎవరైనా సంబరపడతారు. నాకు మాత్రం ప్లాను కాగితం చూస్తేనే భయమేసేది. ఎమ్మిగనూరులో మాది నేత కుటుంబం. ఏళ్ళ తరబడి బాడుగ ఇంట్లోనే మగ్గం వేసుకుని బతికి, చివరికి మూడు సెంట్ల స్థలం కొన్నాము. ఆదోనిలో ఒక కుర్ర ఇంజనీరు మూడు ప్లాన్లు గీసి ఇచ్చాడు. మూడింటిలోనూ రెండు పడగ్గదులు, హాలు, మగ్గానికి ఒక గది ఉన్నాయి. మా ఆయన, ఆయన అన్న కూర్చుని వంటిల్లు ఎటు, మెట్లు ఎటు అని వాదించుకునేవాళ్ళు. నేను చూసేది ఒక్కటే. బాత్రూం ఎక్కడుంది, దాని తలుపు ఎటు తెరుచుకుంటుంది?

మా ఆయనకు మూర్ఛ వస్తుంది. ఈ సంగతి నాకూ, ఆదోని డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. బాడుగ ఇంట్లో ఒకసారి స్నానానికి పోయి, లోపల గడియ పెట్టుకుని పడిపోయాడు. ఎంత పిలిచినా పలకలేదు. అది తుప్పు పట్టిన రేకు తలుపు కాబట్టి నాలుగు తన్నులకు ఊడింది. చూస్తే మొహం తూము దగ్గర నిలిచిన నీళ్ళలో ఉంది. ఇంకొక నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో! తెలివి వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "ఎవురన్నా సూసినారా?" అని. తెలిస్తే నేయడానికి పట్టు పడుగు ఎవరూ చేతికివ్వరని ఆయన భయం.

"నా సంగతి ఎవురికీ సెప్పనని బిడ్డల మీద ఒట్టు పెట్టు" అన్నాడు. పెట్టాను. పిచ్చిదాన్ని, పెట్టాను!

ఇప్పుడు కట్టేది మంచి ఇల్లు. మంచి ఇంటికి గట్టి చెక్క తలుపు, లోపల ఇనుప గడియ. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, అడ్డంగా మనిషి పడితే బయట నుంచి ఎంత తోసినా రాదు. అది నా తన్నులకు ఊడుతుందా?

ఇంట్లో ఎవరూ లేని పూట ఇంజనీరుకు ఫోన్ చేశాను. బాత్రూం హాలు పక్కనే ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ వద్దు అన్నాను.

"అట్లెవరు పెట్టుకుంటారక్కా?" అన్నాడు.

"వాస్తు" అన్నాను, నోటికొచ్చినట్టు. అంతే, "సరేలే అక్కా" అన్నాడు. వాస్తు అంటే ఎదురు చెప్పే మొగవాడు మా దిక్కు పుట్టలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం వారం కూడా నిలవలేదు. కొత్త ప్లాను చూసిన మా బావ, "వాస్తు అన్నాక సరిగ్గా సూపించల్ల గదా" అని నందవరం నుంచి ఒక వాస్తు అయ్యవారిని పిలుచుకొచ్చాడు. ఆయన స్థలమంతా తిరిగి, ఇంట్లో బాత్రూమే కూడదన్నాడు. వాయవ్యం మూలన, పెరటి చివర కట్టాలట. అక్కడ మనిషి పడిపోతే మగ్గం చప్పుడులో ఎవరికి వినపడుతుంది? నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఆయన ఒంటరిగా దొరికినప్పుడు బతిమాలాను. "మీ అన్నకన్నా సెప్పప్పా" అన్నాను.

"నువ్వు ఒట్టు పెట్టినావు" అని మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు.

ప్లాను ఖాయం చేయడానికి మా ఆయన, బావ, నేను ముగ్గురం బస్సులో ఆదోనికి పోయాము. ఇంజనీరు కంప్యూటర్‌లో బాత్రూంను పెరటి మూలకు జరిపి, "ఇదే ఫైనల్ గదా?" అన్నాడు. చెబితే బిడ్డలకు ఏమవుతుందో, చెప్పకపోతే ఈయనకు ఏమవుతుందో.

"ఆగప్పా" అన్నాను. "నాకు మూర్ఛ వస్తాది."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన సంగతి చెప్పనని గదా ఒట్టు పెట్టింది!

"పెరట్లో పడితే నన్ను ఎవురు సూస్తారు? హాలు పక్కనే పెట్టు. తలుపు బయటికి. గడియ వద్దు."

బావ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్ళూ మాతో ఒక్క మాట అనకపోతివే. ఈమెతో ఎట్ల ఏగుతాండావప్పా!" అన్నాడు. ఇంజనీరు వైపు తిరిగి, "వాస్తు పోతే పోనీ సార్. ఈమెకేమన్నా అయితే ఊరంతా మమ్మల్నే అంటాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన తలెత్తలేదు. కాదనలేదు కూడా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో గొణిగాడు. "ఎందుకట్లంటివే?"

"మరి నువ్వు సెప్పకపోతివి గదా!" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఎమ్మిగనూరు వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాము. పక్క వీధిలో ఉండే మా తోడికోడలు వచ్చినప్పుడల్లా నన్ను పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండనివ్వదు. ఆవలించినా చాలు, ఇనుము పట్టుకుంటే మూర్ఛ ఆగుతుందని పరుగున వచ్చి చేతిలో ఇనుప తాళంచెవులు పెడుతుంది. బజారులో ఆడవాళ్ళు పాపం అన్నట్టు చూస్తారు. ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి గట్టిగా అరవాలనిపిస్తుంది.

ఆయన స్నానానికి పోతే చేసే పని వదిలేసి హాల్లో నిలబడతాను. చెంబు చప్పుడు ఆగితే నా ఊపిరి ఆగుతుంది. అప్పుడు బావా, తోడికోడలూ ఇంట్లో ఉంటే నేను ఎక్కడ పడిపోతానోనని కళ్ళార్పకుండా నన్నే చూస్తుంటారు. ఆ తలుపు వైపు చూసేది నేనొక్కదాన్నే.